ఓనర్ ఒకేసారి కిరాయి పెంచాడు: మహారాష్ట్ర చట్టంలో ఏముందో మనమే చూసుకోవడం ఎలా?

వార్ధా_ఒడ్డు:

అందరికీ నమస్కారం. మేము చంద్రపూర్ జిల్లాలో ఒక మున్సిపాలిటీ ఊళ్ళో కిరాయికి ఉంటున్నాం. నాన్న బొగ్గు గనిలో రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఈ ఇంట్లోకి వచ్చాం. మొదట్లో నోటరీ దగ్గర అమ్మ పేరు మీద 11 నెలల కాగితం రాయించారు. దాని గడువు అయిపోయి రెండేళ్లు దాటింది. మళ్ళీ ఏమీ రాసుకోలేదు. కిరాయి 5,000, నెలనెలా చేతికే ఇస్తున్నాం, రసీదు ఎప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు వచ్చే నెల నుంచి 7,500 ఇవ్వండి, లేకపోతే ఖాళీ చేయండి అంటున్నారు. మాట వినకపోతే నీళ్ళ మోటార్ కనెక్షన్ తీసేస్తామని కూడా అన్నారు. అమ్మకు రాత్రి పగలు అదే టెన్షన్.

యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు చాలా చూశాను. ఒకాయన రెంట్ కంట్రోలర్ (కిరాయి తగాదాలు చూసే అధికారి) దగ్గరికి వెళ్ళమంటాడు. ఇంకొకాయన రెండు నెలల కంటే ఎక్కువ డిపాజిట్ తీసుకోవడమే నేరం అంటాడు. మరొకరు 11 నెలలు దాటితే మీకు ఏ హక్కూ ఉండదు అంటారు. వకీలు దగ్గరికి వెళ్ళే ముందు అసలు చట్టాన్ని నేనే ఒకసారి చదవాలని ఉంది. నేను మరాఠీ మీడియం, ఇంగ్లిష్ కూడా చదవగలను. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాజురా_శీను:

మోటార్ ముట్టుకుంటే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళు బ్రో. భయపడితే ఇంకా నెత్తికెక్కుతారు.

పాత_మున్షీ:

బాబూ, వీడియోలన్నీ కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఆ వీడియోలు చెప్పేవాళ్ళు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని అక్కడి చట్టం చెప్తారు. వాళ్ళు చెప్పే రెంట్ కంట్రోలర్ తెలంగాణలో 1960 నాటి బిల్డింగ్స్ లీజు, రెంట్, ఎవిక్షన్ చట్టం కింద ఉంటాడు. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పండగలు అటువైపే చేసుకుంటాం, పెళ్ళిళ్ళు ఆసిఫాబాద్, మంచిర్యాల వైపే చేస్తాం. కానీ కిరాయి చట్టం ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానిదే. మన భాషలో ఉంది కదా అని వేరే రాష్ట్రం చట్టం పట్టుకుని ఇక్కడి కోర్టుకు పోయినవాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను.

మనకు వర్తించేది మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం, 1999. దీన్ని వెతికేటప్పుడు చాలామంది ఒకచోట ఆగిపోతారు. పేరులో 1999 అని ఉన్నా దాని నంబర్ 2000 సంవత్సరపు 18వ చట్టం. అమల్లోకి వచ్చింది 2000 మార్చి 31న. ఇండియా కోడ్ అని కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది, పైసా ఖర్చు లేదు. అందులో రాష్ట్ర చట్టాలకు వెళ్ళి మహారాష్ట్ర ఎంచుకుని ఈ పేరుతో వెతుకు. మరాఠీ ప్రతి కావాలంటే మహారాష్ట్ర న్యాయశాఖ వెబ్‌సైట్ చూడు.

తెరవగానే మధ్యలోకి దూకవద్దు. మొదట సెక్షన్ 2, దాని వెంటనే చివరన ఉన్న షెడ్యూళ్ళు, అంటే ఊళ్ళ జాబితాలు. ఈ చట్టం రాష్ట్రంలో ప్రతి పల్లెకూ వర్తించదు. షెడ్యూల్‌లో ఉన్న ఊళ్ళకు, తర్వాత నోటిఫికేషన్ ద్వారా కలిపిన ప్రాంతాలకు మాత్రమే. నీ ఊరి పేరు కనబడితేనే మిగతా సెక్షన్లు నీకు పనికొస్తాయి. లేదంటే 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం చదవాలి, అందులో కిరాయిదారుకు ఇంత రక్షణ ఉండదు.

తర్వాత సెక్షన్ 3. ప్రభుత్వానికి, మున్సిపాలిటీకి చెందిన ఇళ్ళకు ఈ చట్టం లేదు. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు, కోటి రూపాయలు లేదా అంతకంటే ఎక్కువ చెల్లించిన మూలధనం ఉన్న కంపెనీలు కిరాయికి తీసుకున్నవాటికి కూడా లేదు. మీ ఇల్లు మామూలు ప్రైవేట్ ఇల్లు, మీరు మామూలు కుటుంబం, కాబట్టి ఈ గండం మీకు లేదు.

దెగ్లూర్_బజార్:

మున్షీ కాకా, మాది నాందేడ్ జిల్లా. మా తాత హైదరాబాద్ స్టేట్ ఉన్న రోజుల్లో తీసుకున్న దుకాణం ఇప్పటికీ మేమే నడుపుతున్నాం. మాకు హైదరాబాద్ చట్టం వర్తిస్తుందని ఊళ్ళో పెద్దవాళ్ళు అంటారు. నిజమేనా?

పాత_మున్షీ:

ఒకప్పుడు నిజం. మహారాష్ట్ర ముక్కలు ముక్కలుగా కలిసింది కదా, అందుకే 2000 వరకు ఇక్కడ మూడు కిరాయి చట్టాలు నడిచాయి. పశ్చిమ మహారాష్ట్రకు 1947 నాటి బాంబే రెంట్ చట్టం. విదర్భకు, అంటే మా చంద్రపూర్ వైపుకు, 1949 నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్ ఆర్డర్. మీ మరాఠ్వాడాకు 1954 నాటి హైదరాబాద్ హౌసెస్ చట్టం. కొత్త చట్టం సెక్షన్ 58 ఈ మూడింటినీ తీసేసింది. అప్పటికే కోర్టులో నడుస్తున్న కేసులు మాత్రం పాత చట్టం ప్రకారమే సాగాయి. మీ దుకాణం మీద అప్పట్లో కేసు లేకపోతే 1954 చట్టం గురించి ఆలోచించాల్సిన పని లేదు.

ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. మా వైపు పాత ఆర్డర్ ప్రకారం ఓనర్ ఖాళీ చేయమని నోటీసు ఇవ్వాలంటే ముందు రెంట్ కంట్రోలర్ పర్మిషన్ తీసుకోవాలి. అది క్లాజ్ 13. ఇంటర్నెట్‌లో నాగ్‌పూర్ బెంచ్ పాత తీర్పులు వెతికితే ఈ క్లాజ్ 13 బోలెడన్నిసార్లు కనబడుతుంది. అవి చదివి "ఓనర్ పర్మిషన్ తీసుకోలేదు, కేసు కొట్టేస్తారు" అనుకుంటే నష్టపోతారు. తీర్పు ఏ చట్టం మీద వచ్చిందో మొదటి పేజీలోనే ఉంటుంది, అది చూశాకే మిగతాది చదవండి.

ఇండెక్స్_అక్క:

తమ్ముడూ, నేను ఆన్‌లైన్ సేవల సెంటర్ నడుపుతాను, రోజూ అగ్రిమెంట్లు చూస్తుంటాను. మీ నోటరీ కాగితం పైన హెడ్డింగ్ ఏముంది? "లీవ్ అండ్ లైసెన్స్" (గడువు వరకు ఉండటానికి అనుమతి మాత్రమే) అనా, "భాడేపత్ర" (కిరాయి ఒప్పందం) అనా? అది చెప్పకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా లాభం లేదు.

ఎందుకంటే లైసెన్స్ మీద ఉన్నవాళ్ళది వేరే దారి. సెక్షన్ 24 ప్రకారం గడువు అయిపోతే ఓనర్ కాంపిటెంట్ అథారిటీ (ఇందుకోసం ప్రభుత్వం పెట్టిన అధికారి) దగ్గర అప్లికేషన్ పెట్టి ఖాళీ చేయించవచ్చు. ఖాళీ చేయకుండా ఉన్న కాలానికి రెట్టింపు ఫీజు కూడా అడగవచ్చు. ఉన్నది కిరాయిదారు అయితే ఓనర్ సెక్షన్ 15, 16 కింద సివిల్ కోర్టుకే వెళ్ళాలి, కారణం చూపించాలి.

వార్ధా_ఒడ్డు:

అక్కా, చూశాను. మరాఠీలో "భాడేపత్ర" అని ఉంది, లోపల ఘర్‌మాలక్, భాడేకరూ, అంటే ఓనర్, కిరాయిదారు అనే రాశారు. లైసెన్స్ అనే మాట ఎక్కడా లేదు. మా ఊరి పేరు కూడా షెడ్యూల్‌లో కనబడింది. కానీ కాగితం రిజిస్టర్ కాలేదు. అది మా తప్పు కింద వస్తుందా?

ఇండెక్స్_అక్క:

రాదు, ఆ బాధ్యత ఓనర్‌దే. సెక్షన్ 55 తీసి చదువు. చాలా రాష్ట్రాల్లో 11 నెలలు ఎందుకు రాస్తారంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ అలవాటునే ఇక్కడ కూడా నోటరీలు నడిపిస్తున్నారు. మహారాష్ట్రలో అలా కాదు. ఎన్ని నెలలదైనా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ చేయాలి, చేయించాల్సింది ఓనర్. చేయకపోతే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా లేదా రెండూ అని సెక్షన్‌లోనే ఉంది. కిరాయిదారుకు అసలు పనికొచ్చేది రెండో ఉపసెక్షన్. రిజిస్టర్ కాగితం లేనప్పుడు షరతుల గురించి కిరాయిదారు చెప్పిన మాటే నిలుస్తుంది, కాదని ఓనర్ నిరూపించుకోవాలి. అంటే కిరాయి 5,000 అని అమ్మ చెప్తే, కాదు ఎక్కువ ఒప్పుకున్నారు అని వాళ్ళే రుజువు చేయాలి.

బల్లార్షా_ప్యాసింజర్:

కొత్త మోడల్ టెనెన్సీ యాక్ట్ 2021 వచ్చింది కదా, అందులో రెండు నెలల డిపాజిట్ అని క్లియర్‌గా ఉంది. దాని మీద పోవచ్చు కదా.

పాత_మున్షీ:

దాని పేరులోనే మోడల్ అని ఉంది. 2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అది. ఇళ్ళకు రెండు నెలలు, దుకాణాలకు ఆరు నెలలు అని అందులో ఉన్నమాట వాస్తవం. కానీ రాష్ట్ర శాసనసభ తన చట్టంగా చేస్తే తప్ప కోర్టులో దానికి బలం లేదు. జడ్జి ముందు దాన్ని చూపిస్తే పక్కన పెట్టేస్తారు.

ఇక నీ కిరాయి సంగతి, బాబూ. సెక్షన్ 11 చదివావా? ఓనర్ ఏడాదికి 4 శాతం పెంచుకునే హక్కు ఉంది. అది వాళ్ళకు చట్టం ఇచ్చిన హక్కు, ఆ మాట కూడా మనం ఒప్పుకోవాలి. 5,000 మీద ఏడాదికి 200. రెండేళ్లకు 5,400 దగ్గర ఉంటుంది. 7,500 అంటే ఒక్కసారిగా సగం పెంచడం.

నువ్వు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది సెక్షన్ 15. కిరాయిదారు న్యాయమైన కిరాయి, పెంపు కలిపి కడుతూ ఉన్నంతకాలం, లేదా కట్టడానికి సిద్ధంగా ఉన్నంతకాలం, ఓనర్‌కు ఖాళీ చేయించే హక్కు మామూలుగా రాదు. బాకీ ఉందని కేసు వేయాలన్నా ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి 90 రోజులు ఆగాలి. కేసు వేశాక కూడా ఇంకో అవకాశం ఉంది. సమన్లు అందిన రోజు నుంచి 90 రోజుల్లోపు బాకీ మొత్తం, దాని మీద ఏడాదికి 15 శాతం సాధారణ వడ్డీ, కోర్టు ఖర్చులు కోర్టులో కట్టి, ఆ తర్వాత కేసు తేలేవరకు నెలనెలా కిరాయి కడుతూ ఉంటే బాకీ కారణంతో కోర్టు డిక్రీ (ఖాళీ చేయమనే తీర్పు) ఇవ్వకూడదు.

ఈ రెండు 90 రోజులను కలిపేసుకుని చాలామంది దెబ్బతింటారు. మొదటిది నోటీసు నుంచి, రెండోది సమన్ల నుంచి. రెండోది దాటిపోయాక వకీలు దగ్గరికి పరిగెత్తుకొచ్చిన కుటుంబాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. వాళ్ళ దగ్గర డబ్బు ఉండేది, తేదీ ఒక్కటే దాటిపోయేది. అందుకే చెప్తున్నా, సమన్లు వస్తే ఏ రోజు చేతికి వచ్చిందో కవరు మీదే రాసి పెట్టుకోండి.

వార్ధా_ఒడ్డు:

కాకా, ఈ నెల కిరాయి ఇవ్వబోతే 7,500 అయితేనే తీసుకుంటామని తిప్పి పంపారు. ఇప్పుడు మేము బాకీ ఉన్నట్టేనా?

పాత_మున్షీ:

వాళ్ళు తీసుకోకపోవడం వేరు, నువ్వు ఇవ్వకపోవడం వేరు. కానీ ఇచ్చావని రేపు ఎవరు చెప్తారు? అమ్మ ఖాతా నుంచి ఓనర్ ఖాతాకు ట్రాన్స్‌ఫర్ చేయి, రిమార్క్‌లో ఏ నెల కిరాయో రాయి. 5,000 కాదు, 4 శాతం పెంపు కలిపి పంపు. దాంతోపాటు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయి: ఇంత పంపాం, సెక్షన్ 31 ప్రకారం రసీదు ఇవ్వండి అని. రసీదు ఇవ్వడం ఓనర్‌కు తప్పనిసరి, ఆ సెక్షన్ ఉన్నది అందుకే. మర్యాదగా రాయి, కోపం చూపించకు. రేపు ఆ ఉత్తరాన్నే జడ్జి చదువుతారు.

గోదావరి_గట్టు:

అందరూ కిరాయిదారు వైపే మాట్లాడుతున్నారు, ఒక ఓనర్ మాట కూడా వినండి. మాది సిరోంచ వైపు పల్లె. మా ఆయన పోయాక ఉన్న ఒక్క ఇల్లు కిరాయికి ఇచ్చి నేను కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇప్పుడు నా ఇంట్లో నేను ఉండాలని అడిగితే ఇవ్వడం లేదు. పైగా 12 ఏళ్లు ఉంటే ఇల్లు వాళ్ళదే అయిపోతుందని ఎవరో చెప్పారట. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇండెక్స్_అక్క:

అమ్మా, ముందుగా ఆ 12 ఏళ్ల భయం వదిలేయండి. మీ ఇష్టంతో, కిరాయి కడుతూ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళు ఉన్నా ఓనర్లు కారు. కబ్జా హక్కు రావాలంటే మీ హక్కును కాదని, మీకు వ్యతిరేకంగా ఉండాలి. 1963 లిమిటేషన్ చట్టంలో కిరాయిదారు గురించి వేరే ఆర్టికల్ ఉంది, 67. కిరాయి ఒప్పందం ముగిసినప్పటి నుంచి మీరు కేసు వేయడానికి 12 ఏళ్ల గడువు అని దాని అర్థం. జనం నోట అది తలకిందులై తిరుగుతోంది.

మీ ఊరు షెడ్యూల్‌లో ఉందో లేదో ఎవరితోనైనా చూపించుకోండి. లేకపోతే మీకు సులువే. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం సెక్షన్ 106 ప్రకారం నెలవారీ కిరాయి ఇంటికి 15 రోజుల నోటీసు ఇచ్చి, వినకపోతే దావా వేయవచ్చు. ఊరు షెడ్యూల్‌లో ఉంటే సెక్షన్ 16లో "నిజంగా సొంత అవసరం" అనే కారణం మీకోసమే ఉంది. కోర్టు ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ఇబ్బంది అని తూచి చూస్తుంది. ఉండటానికి వేరే ఇల్లు లేని మీ పరిస్థితి అక్కడ బలంగా నిలుస్తుంది.

ఒక్కటి మాత్రం చేయవద్దు. సామాను బయట పెట్టించడం, తాళం మార్చడం. అలా చేస్తే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద వాళ్ళు ఆరు నెలల్లోపు కేసు వేసి తిరిగి లోపలికి రావచ్చు. అప్పుడు ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కూడా కోర్టు అడగదు.

గోదావరి_గట్టు:

తల్లీ, చల్లగా ఉండు. రేపే నా మనవడితో ఆ షెడ్యూల్ చూపించుకుంటా.

రాజురా_శీను:

నేను ఏఐ చాట్‌లో అడిగితే ఓనర్ నీళ్ళు ఆపకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఇచ్చింది, పార్టీల పేర్లు, సంవత్సరంతో సహా. పెట్టనా ఇక్కడ?

బెంచి_వెనకాల:

పెట్టే ముందు ఆ తీర్పు ఉందో లేదో చూడు. నేను నాగ్‌పూర్‌లో జూనియర్ వకీలుని. లేని తీర్పులను ఏఐ పుట్టించి ఇవ్వడం మేము రోజూ చూస్తున్నాం. సుప్రీంకోర్టు తీర్పులకు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్ ఉచితం, 2023లో మొదలైంది. కొన్ని తీర్పుల తెలుగు, మరాఠీ అనువాదాలు కూడా అందులో ఉన్నాయి. హైకోర్టు తీర్పులకు బాంబే హైకోర్టు వెబ్‌సైట్. త్వరగా వెతకడానికి ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైట్ బాగుంటుంది. అందులో సెక్షన్ నంబర్, చట్టం పేరు రెండూ కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికితే చెత్త తగ్గుతుంది. కొత్త తీర్పుల మీద న్యూట్రల్ సైటేషన్, అంటే కోర్టే వేసే గుర్తింపు నంబర్, ఉంటుంది. బీహెచ్‌సీ (బాంబే హైకోర్టు) తర్వాత ఎన్ఏజీ అని ఉంటే నాగ్‌పూర్ బెంచ్, ఏయూజీ అని ఉంటే ఔరంగాబాద్ బెంచ్. చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాల్ నాగ్‌పూర్ కిందికి, నాందేడ్ ఔరంగాబాద్ కిందికి వస్తాయి.

నీళ్ళ విషయానికి తీర్పు వెతకాల్సిన పనే లేదు. చట్టంలో సెక్షన్ 29 సూటిగా ఉంది. న్యాయమైన కారణం లేకుండా నీళ్ళు, కరెంటు, మెట్ల మీద లైటు, పారిశుధ్యం వంటివి ఓనర్ ఆపకూడదు. ఆపితే కిరాయిదారు కోర్టుకు అప్లికేషన్ పెట్టి తిరిగి ఇప్పించుకోవచ్చు. సెక్షన్ ఇంత తేటగా ఉన్నప్పుడు తీర్పుల కోసం తిరగడం టైం వేస్ట్.

ఇంకో పని కూడా చేయి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ జిల్లా, మీ తాలూకా కోర్టు ఎంచుకుని అమ్మ పేరుతో, ఓనర్ పేరుతో వెతుకు. ఓనర్ ఇప్పటికే కేసు వేశాడేమో తెలుస్తుంది. మరాఠీ పేర్లను ఇంగ్లిష్‌లో రకరకాలుగా రాస్తారు కాబట్టి స్పెల్లింగ్ మార్చి మార్చి చూడు. కేసు ఉంటే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ దొరుకుతుంది, దాంతో ప్రతి వాయిదా ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ముంబై బయట, స్మాల్ కాజెస్ కోర్టు లేని చోట, ఇలాంటి దావాలు సివిల్ జడ్జ్ జూనియర్ డివిజన్ ముందుకే వెళ్తాయి, సెక్షన్ 33.

ఇదంతా చదివాక వకీలు అక్కర్లేదని మాత్రం అనుకోకు. చదివి వెళ్తే వకీలును సరైన ప్రశ్న అడుగుతావు, ఆయన కూడా నీ కాగితాలు శ్రద్ధగా చూస్తాడు. ఫీజు భారం అయితే తాలూకా కోర్టులోనే లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంటుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. కాగితం అమ్మ పేరు మీదే ఉంది కదా, అమ్మ అప్లికేషన్ పెట్టవచ్చు. ఫోన్‌లో అడగాలంటే 15100.

వార్ధా_ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్. ఈ-కోర్ట్స్‌లో వెతికాను, ఏ కేసూ లేదు. కాకా చెప్పినట్టు పెంపు కలిపి అమ్మ ఖాతా నుంచి పంపాం, ఉత్తరం కూడా వేశాం. దానికి ఓనర్ కొడుకు ఇంటికి వచ్చి బాగానే మాట్లాడాడు. మోటార్ జోలికి రామన్నాడు. "సరే, 5,400కే ఉండండి, గొడవలెందుకు, పక్కాగా రిజిస్టర్ చేద్దాం, ఖర్చు మేమే పెట్టుకుంటాం" అని డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపాడు. 11 నెలలకు. అమ్మ అయితే సంతకం పెట్టేద్దాం అంటోంది.

ఇండెక్స్_అక్క:

ఆగు తమ్ముడూ. డ్రాఫ్ట్ హెడ్డింగ్ ఏంటి?

వార్ధా_ఒడ్డు:

ఇప్పుడే చూశా అక్కా. "లీవ్ అండ్ లైసెన్స్ కరార్‌నామా".

ఇండెక్స్_అక్క:

అదే నా అనుమానం. వాళ్ళ మనసులో చెడు ఉందని అనను, ఇప్పుడు మహారాష్ట్రలో దాదాపు అందరూ ఇదే చేస్తారు. స్టాంప్ డ్యూటీ తక్కువ, మొత్తం కాలానికి కిరాయి మీద 0.25 శాతం, మున్సిపల్ ఊళ్ళో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. కానీ దాని మీద సంతకం పెడితే అమ్మ ఇవాళ ఉన్న కిరాయిదారు స్థానం నుంచి లైసెన్సీ అయిపోతుంది. సెక్షన్ 24 కింద ఉన్న వివరణ చదువు: రాసుకున్న లైసెన్స్ ఒప్పందంలో ఉన్నదే తిరుగులేని సాక్ష్యం. తర్వాత "మేము అసలు పాత కిరాయిదారులం" అని చెప్పడం చాలా కష్టం. 11 నెలలు అయ్యాక సెక్షన్ 15, 16 మిమ్మల్ని కాపాడవు.

11 నెలల తర్వాత ఎలాగూ వేరే ఇంటికి మారాలనే ఆలోచన ఉంటే పెట్టేయండి, తప్పేం లేదు. ఇక్కడే ఉండాలంటే మాత్రం ఇప్పుడున్నట్టే కిరాయిదారుగా భాడేపత్ర రిజిస్టర్ చేయమని అడగండి.

బెంచి_వెనకాల:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. సంతకానికి ముందు ఆ డ్రాఫ్ట్, పాత భాడేపత్ర, ట్రాన్స్‌ఫర్ స్లిప్, పోస్టు రసీదు నాలుగూ పట్టుకుని లీగల్ సర్వీసెస్ కమిటీకి వెళ్ళండి. కేసు లేకుండానే ఇద్దరినీ పిలిచి రాజీ కూడా కుదురుస్తారు.

వార్ధా_ఒడ్డు:

అమ్మకు సెక్షన్ 24 మరాఠీలో చదివి వినిపించాను. మేము ఇక్కడే ఉండాలి, చెల్లి కాలేజీ దగ్గర. ఓనర్ కొడుక్కి ఫోన్ చేసి 5,400 మాకు ఓకే, కాగితం మాత్రం భాడేపత్ర కావాలి అని చెప్పాను. నాన్నను అడిగి చెప్తానన్నాడు. సోమవారం అమ్మను తీసుకుని తాలూకా కోర్టుకు వెళ్తున్నా, అక్కడ ఏమన్నారో ఇక్కడే రాస్తాను.